కాటా చీటీ నుంచి కంప్యూటరు దాకా

ప్రత్యేక సంచికకు పాత రోజుల గురించి ఏదైనా రాసివ్వమని మన కార్యదర్శిగారు రెండు నెలల కిందట అడిగారు. సరేనన్నానే గాని ఏం రాయాలో తోచలేదు. పెన్షనరుకు తీరికకు కొదవ లేదు, కలానికే బద్ధకం. ఆ వారంలోనే నిజామాబాదులో పసుపు పొడి యూనిటు నడుపుతున్న మా అక్క కొడుకు ఇంటికి వచ్చి, చాయ తాగుతూ ఒక ప్రశ్న వేశాడు.

"మామా, ఇద్దరు సాఫ్ట్‌వేరోళ్ళు నా చుట్టూ తిరుగుతున్నరు. ఒకడు మిషిన్ల కాడ పెట్టేది అమ్ముతడట. ఇంకొకడు ఆఫీసుల పెట్టేది. రెండు కొనే తాకత్ లేదు. ఏది కొనాల్నో చెప్పు. కార్ఖాన్ల లెక్కలన్ని నువ్వే రాసేటోనివి గద."

మొదటివాడు చెప్పేది ఇది. ప్రతి మిషను దగ్గరా ఒక తెర ఉంటుంది. ఏ లాటు పసుపు ఎప్పుడు వచ్చింది, ఎవరు నడిపారు, ఎంత పోస్తే ఎంత దిగింది, మిషను ఎంతసేపు ఆగింది, ఇవన్నీ అక్కడికక్కడే నమోదవుతాయి. రెండోవాడిది ఆఫీసు సరుకు. కొనుగోళ్ళు, గోదాము నిల్వ, ఆర్డర్లు, బిల్లులు, జీఎస్టీ, కూలీల జీతాలు, వచ్చే నెలకు ఎంత సరుకు తెప్పించాలి అన్న లెక్క, అన్నీ ఒకేచోట. రెండూ లక్షల మాటే. మావాడి దగ్గర పనిచేసేది పద్నాలుగు మంది.

నేను కంప్యూటరు చదివినవాణ్ణి కాను. కానీ ముప్ఫైమూడేళ్ళు మిల్లులో పుట్టిన అంకెలను ఆఫీసు పుస్తకాలకు మోసినవాణ్ణి. వాడి ప్రశ్న వినగానే చెరకు బండ్లు గుర్తొచ్చాయి. అందుకని వాడికి చెప్పిన జవాబునే కొంత వెనక్కి వెళ్ళి ఇక్కడ రాస్తున్నాను.

మన ప్రాంతంలో చక్కెర కథ నీళ్ళతో మొదలైంది. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ దాన్ని కట్టించిన ఇంజనీరు. కాలువ నీళ్ళు పారిన భూముల్లో చెరకు వచ్చింది, చెరకు వెంట 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఫ్యాక్టరీ వెంట షక్కర్‌నగర్ అనే ఊరే లేచింది. ఆసియాలోకెల్లా పెద్దదని ఆ రోజుల్లో గొప్పగా చెప్పుకునేవారు. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళడం, 2015 డిసెంబరులో మూతపడడం మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ ఫ్యాక్టరీ చరిత్ర రాయడం నా ఉద్దేశం కాదు. నేను పనిచేసిన మిల్లు పేరు కూడా ఇక్కడ రాయను. ఈ సంగతులు ఏ చక్కెర మిల్లులోనైనా జరగగలిగేవే.

చక్కెర మిల్లులో అంకె పుట్టేది కాటా దగ్గర. రాత్రంతా చలిలో గొంగడి కప్పుకుని క్యూలో ఉన్న రైతు తెల్లవారుజామున బండిని కాటా మీదికి ఎక్కిస్తాడు. నిండు బండి తూకం ఒకటి, చెరకు దించాక ఖాళీ బండి తూకం ఇంకొకటి. రెంటికీ తేడా అతని చెరకు. ఆ తేడాయే చీటీ మీద పడుతుంది. ఆ చీటీ రైతుకు డబ్బు, మిల్లుకు అప్పు. 1966 నాటి షుగర్‌కేన్ కంట్రోల్ ఆర్డరు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో ధర చెల్లించాలి. అదెంతవరకు జరిగిందో రైతులను అడగాలి, నన్ను కాదు.

కాటా దాటిన చెరకు మిల్లు హౌసులో నలుగుతుంది. పిప్పిలో మిగిలిన తీపి కూడా దిగాలని నీళ్ళు చల్లుతారు. రసాన్ని తూస్తారు, చల్లిన నీళ్ళను కొలుస్తారు. పిప్పిని మాత్రం ఎవరూ తూయరు. గుట్టలు గుట్టలుగా వచ్చి బాయిలరులోకి పోయే దాన్ని ఎక్కడని తూస్తారు? దానికొక లెక్క ఉంది. చెరకు బరువు, పోసిన నీళ్ళ బరువు కలిపితే రసం బరువు, పిప్పి బరువు కలిపినంత కావాలి. మూడు తెలిస్తే నాలుగోది తెలుస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో చీఫ్ కెమిస్టుగారు ఈ సమీకరణం బోర్డు మీద రాసి చూపించినప్పుడు నాకు మా ఊరి షావుకారు చిట్టా గుర్తొచ్చింది. జమ, ఖర్చు రెండూ సరిపోవాల్సిందే.

తీపికీ ఇదే లెక్క. చెరకులో ఎంత చక్కెర లోపలికి వచ్చిందో అంత ఎక్కడో ఒకచోట తేలాలి. సంచుల్లోకి వెళ్ళింది కొంత, పిప్పిలో పోయింది కొంత, వడపోత మడ్డిలో కొంత, మొలాసిస్‌లో కొంత. స్థూలంగా నూరు టన్నుల చెరకుకు పది టన్నుల చక్కెర, ముప్ఫై టన్నుల పిప్పి, నాలుగైదు టన్నుల మొలాసిస్, మూడు నాలుగు టన్నుల మడ్డి అనుకోండి. అన్నీ లెక్కేసినా ఇంకా కొంచెం చక్కెర జవాబు లేకుండా మిగిలిపోతుంది. దానికి 'అన్‌డిటర్మిన్డ్ లాస్' అని పేరు. తెలియని నష్టమన్నమాట. ఆ అంకె చిన్నగా ఉంటే కెమిస్టుకు నిద్ర పడుతుంది.

ఇది మిల్లు లెక్క. ఆఫీసు లెక్క వేరు. ఎక్సైజువారి కోసం ఆర్.జి.1 రిజిస్టరులో రోజువారీ సంచుల నిల్వ రాయాలి. 1967 నుంచి చక్కెరలో కొంత లెవీకి, మిగతాది బహిరంగ మార్కెట్టుకు. ఆ వాటాల లెక్క ఒకటి, విడుదల ఉత్తర్వుల లెక్క ఒకటి. 2013లో లెవీ ఎత్తివేసేదాకా ఇది సాగింది. రైతుల పట్టీలు, ఎరువుల అప్పుల కోత, గన్నీ సంచుల ఇండెంట్లు, సీజను కార్మికుల జీతాలు ఇవి కాక. రెండు లెక్కలకూ మధ్య వారధి ఆర్.టి.7(సి) అనే తయారీ నివేదిక. ల్యాబ్ రిజిస్టర్లలోంచి అంకెలు ఎత్తి ఆ ఫారంలో నింపడం నా పని. గడులన్నీ అంకెలకే. మాటలకు చోటు లేదు.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఎక్కడా రాయలేదు.

ఎనభైల తొలి సంవత్సరాల్లో ఒక సీజనులో మా మిల్లు రికవరీ నడిమధ్యలో పడిపోయింది. రికవరీ అంటే నూరు టన్నుల చెరకుకు ఎన్ని టన్నుల చక్కెర వచ్చిందన్న శాతం. రైతు ధర కూడా దానితో ముడిపడి ఉండేది కాబట్టి అది తగ్గితే అందరికీ నష్టమే. ఆఫీసువారు తమ పుస్తకాలు తిరగేశారు. వాళ్ళ పుస్తకంలో ఉన్నవి రెండే అంకెలు, కొన్న చెరకు, తయారైన చక్కెర. చక్కెర సంచులు లెక్క సరిపోయాయి. మిగిలింది చెరకు తూకం. కాటా గుమాస్తా రైతులతో కుమ్మక్కై లేని చెరకు రాస్తున్నాడని నిర్ణయించి సస్పెండు చేశారు. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. సగం జీతంతో ఇంట్లో కూర్చున్నాడు. 'కాటా దొంగ' అన్న మాట పడింది.

ల్యాబులో రాత్రి షిఫ్టులో ఒక పరీక్ష చేస్తారు. కండెన్సరు నుంచి వచ్చే నీళ్ళను గాజు గొట్టంలో తీసుకుని, రెండు చుక్కలు ఆల్ఫా నాఫ్తాల్ కలిపి, గంధకామ్లాన్ని అంచు వెంట మెల్లగా పోస్తారు. నీళ్ళలో చక్కెర ఉంటే రెండు ద్రవాలూ కలిసేచోట ఊదారంగు వలయం కనిపిస్తుంది. పాన్‌లో పాకం మరీ ఉధృతంగా మరిగితే, ఆవిరి వెళ్ళే దారిలో తుంపరలను ఆపే ఏర్పాటు చెడిపోతే, చక్కెర ఆవిరితోపాటు ఎగిరి కండెన్సరు నీళ్ళలో కలిసి కాలువ పాలవుతుంది. ఆ సీజనులో వరుసగా మూడు రాత్రులు 'ఊదారంగు కనిపించింది, రెండో పాన్ చూడవలెను' అని షిఫ్టు కెమిస్టు రిమార్కుల గడిలో రాశాడు. నేను చదివాను. నా ఫారంలో దానికి గడి లేదు. వదిలేశాను.

సస్పెన్షను జరిగాక అది గుర్తొచ్చింది. వెంటనే వెళ్ళి చెప్పానని రాయగలిగితే బాగుండేది. ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతారన్న భయంతో నెల రోజులకు పైగా నోరు మెదపలేదు. చివరికి చీఫ్ కెమిస్టుగారే ఒక రోజు రిజిస్టర్లు ముందేసుకుని, కాటాలో దొంగ తూకం ఉంటే పిప్పి శాతం పెరిగి కనిపించాలి కదా, మామూలుగానే ఎందుకుందని అడిగారు. నిజమే. లేని చెరకు రాస్తే సమీకరణంలో ఆ దొంగ బరువంతా పిప్పి మీదే పడుతుంది. పెరిగింది పిప్పి కాదు, తెలియని నష్టం. అప్పుడు ఆ మూడు రాత్రుల పేజీలు తీసి ఆయన ముందు పెట్టాను. పాన్ విప్పారు, లోపం దొరికింది. కాటా అన్న ఉద్యోగంలోకి తిరిగి రావడానికి మొత్తం అయిదు నెలలు పట్టింది.

చాలా ఏళ్ళ తరవాత, ఇద్దరం రిటైరయ్యాక, ఒక నవంబరులో బ్యాంకు దగ్గర లైఫ్ సర్టిఫికెట్ల వరసలో ఆయన కనబడితే ఈ సంగతంతా చెప్పాను. "నాకు అప్పుడే తెల్సు తమ్మీ" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. నా కాగితాలు కూడా ఆయనే పట్టుకుని కౌంటరు దాకా వచ్చాడు.

ఇక కంప్యూటర్ల విషయం. వ్యాపారపు లెక్కలకు కంప్యూటరును మొదట వాడుకున్నది లండనులో టీ దుకాణాలు, బేకరీలు నడిపే లయన్స్ కంపెనీ. 'లియో' అన్న యంత్రాన్ని వాళ్ళే కట్టుకుని 1951 నవంబరులో బేకరీ సరుకు విలువ కట్టడానికి దాన్ని పనిలో పెట్టారు. రొట్టెల బట్టీ లెక్కతోనే కంప్యూటరు వ్యాపారంలోకి దిగిందన్నమాట. తరవాత దారి మారింది. 1960లలో అమెరికాలో జోసెఫ్ ఆర్లికీ అనే ఐ.బి.ఎం. ఇంజనీరు ఒక పద్ధతి తయారుచేశాడు. అమ్మవలసిన సరుకెంతో చెబితే, దానికి ఏ విడిభాగం ఎన్ని కావాలో, ఎప్పటికి తెప్పించాలో కంప్యూటరు వెనక్కి లెక్క కట్టి చెబుతుంది. చేతి డ్రిల్లులు తయారుచేసే బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ దాన్ని మొదట వాడినవారిలో ఒకటి. ఆర్లికీ 1975లో దాని మీద పుస్తకం రాశాడు. ఆ మొక్కకే కొనుగోళ్ళు, ఖాతాలు, జీతాలు అంటుకట్టగా పెరిగిన చెట్టుకు 1990లో గార్ట్‌నర్ సంస్థ ఇ.ఆర్.పి. అని పేరు పెట్టింది. మావాడి దగ్గరికి వచ్చిన రెండోవాడు అమ్మేది ఆ చెట్టు కొమ్మే.

మొదటివాడి సరుకుకు పేరు ఇంకో రెండేళ్ళకు వచ్చింది. షాపుఫ్లోర్‌లో నిమిషనిమిషం జరిగేది పట్టే సాఫ్ట్‌వేరును 1992లో ఏ.ఎం.ఆర్. రీసెర్చ్ అనే సంస్థ ఎం.ఇ.ఎస్. అన్నది. రెంటికీ సరిహద్దు తగాదాలు వస్తూనే ఉండడంతో 2000లో ఐ.ఎస్.ఏ. 95 అనే ప్రమాణం పుట్టింది. అందులో అంతస్తులు గీశారు. కింద యంత్రాలు, మూడో అంతస్తులో ఫ్లోరు, నాలుగో అంతస్తులో వ్యాపారం. ఆ రెంటి మధ్య ఏ సమాచారం నడవాలో ఆ ప్రమాణం చెబుతుంది. మా రోజుల్లో ఆ మెట్ల మీద ఫైలు చంకన పెట్టుకుని తిరిగింది నేను.

మన హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. 1969లోనే టి.డి.సి.12 అనే కంప్యూటరు చేసి చూపింది. మా మిల్లు దాకా కంప్యూటరు రావడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పట్టింది. వచ్చింది కూడా ఆఫీసుకే. రైతుల పట్టీలు టకటకమని అచ్చయ్యేవి. ల్యాబులో మాత్రం నేను రిటైరయ్యేదాకా అట్టల రిజిస్టరే. చిన్న పరిశ్రమల్లోనూ అంతే. 1986లో బెంగుళూరులో పుట్టిన ట్యాలీ పద్దులకు అలవాటైంది, 2017 జులైలో జీఎస్టీ రావడంతో తప్పనిసరి లాంటిదైంది. నిజామాబాదు మార్కెట్టు యార్డులో పసుపు వేలం సైతం 2016లో ఇ-నామ్‌తో కంప్యూటరెక్కింది. యార్డులో కంప్యూటరు, ఆఫీసులో కంప్యూటరు, నడుమ మిషన్ల దగ్గర సుద్దముక్కతో గోడ మీద గీతలు.

మావాడికి నేను మొదట వేసిన ప్రశ్న, నీది విడగొట్టే కార్ఖానానా, కలిపే కార్ఖానానా అని. వాడికి అర్థం కాలేదు. చెరకు మిల్లు ఒక్క సరుకును తీసుకుని నాలుగు ముక్కలు చేస్తుంది. రైసు మిల్లు వడ్లను బియ్యం, నూకలు, తవుడు, ఊక చేస్తుంది. పసుపు యూనిటూ ఆ కులమే. కొమ్ములు పాలిష్ డ్రమ్ములో రాపిడికి తొక్క పోగొట్టుకుంటాయి, మరలో తడి పోగొట్టుకుంటాయి, జల్లెడలో, గాలిలో కొంత. ఇలాంటిచోట లాభం, నష్టం ఫ్లోరు మీదే తేలతాయి. ఎంత పోయింది, ఎక్కడ పోయింది అన్నదే ప్రశ్న.

కలిపే కార్ఖానా సంగతి వేరు. మావాడి స్నేహితుడు ట్రాక్టరు ట్రాలీలు చేస్తాడు. ఇరుసు, హబ్బులు, టైర్లు, రేకులు, ఛానళ్ళు, బోల్టులు, రంగు, అన్నీ చేరితే ఒక ట్రాలీ. రేకులు కిలో తరుగు పోయినా అతను మునగడు. వానాకాలం ముందు అయిదు ఆర్డర్లు చేతిలో ఉండి, తొంభై తొమ్మిది భాగాలు షెడ్డులో ఉండి, ఒక్క హబ్బు రాకపోతే మాత్రం మునుగుతాడు. ఆర్లికీ లెక్క పుట్టింది అలాంటివాళ్ళ కోసమే. అతను రెండోవాడి సరుకు కొనడం మంచిదని నా అభిప్రాయం. అతను ఇంకా ఆలోచిస్తున్నాడు.

నూరు కిలోల కొమ్ములు లోపలికి వెళ్తే ఎంత పొడి వస్తుందని మావాణ్ణి అడిగాను. "తొంభై నాలుగు" అని టక్కున చెప్పాడు. ఎలా తెలుసంటే, యూనిటు పెట్టినప్పుడు అకౌంటెంటు ఆరు శాతం తరుగు వేశాడట. నాలుగేళ్ళుగా అదే నడుస్తోంది. నాలుగు వంద పేజీల నోటు పుస్తకాలు కొనిచ్చాను. గేటు, డ్రమ్ములు, మర, ప్యాకింగు, ఒక్కో చోట ఒక్కొక్కటి. పది రోజులు ప్రతి లాటూ తూచి రాయమన్నాను. పది రోజుల తరవాత చూస్తే తరుగు ఒక రోజు అయిదు, ఒక రోజు పదకొండు. ఎక్కువ తరుగు పడినవన్నీ ఒకే డ్రమ్ములో తిరిగిన లాటులు. ఆఫీసు సాఫ్ట్‌వేరుకు ఆరు అని చెబితే అది ఎన్నేళ్ళయినా ఆరుతోనే గుణిస్తుంది. దాని తప్పు కాదది. మా ఆఫీసువారి పుస్తకంలోనూ రెండే అంకెలు ఉండేవని చెప్పాను కదా.

కాబట్టి మిషన్ల దగ్గరిదే కొనమన్నాను. బిల్లులకు, జీఎస్టీకి ఉన్న ట్యాలీ చాలు. అదీ అన్ని మిషన్లకూ వద్దు, నాలుగు చోట్లే పెట్టు, ఏడాదికి అద్దె పద్ధతిలో తీసుకో, తూకం అంకె మనిషి కొట్టకుండా కాంటా నుంచే నేరుగా పడేలా పెట్టించుకో అన్నాను. పసుపు చేతులతో తెర నొక్కితే రెండు రోజుల్లో తెరంతా పచ్చబడుతుంది, ఏ అంకె కొట్టారో ఎవరికీ కనిపించదు. మాటలు తెలుగులో ఉండాలన్నాను. నాందేడు వైపు నుంచి వచ్చిన ఇద్దరు కూలీలు ఉన్నారు, వాళ్ళకు మరాఠీలో ఉండాలని మావాడే చేర్చాడు.

బేరం కుదిరే రోజు నన్నూ రమ్మన్నాడు. అమ్మవచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడు, ఓపికగా అన్నీ చూపించాడు. మిషను ఆగితే కారణం చెప్పడానికి ఆరు బొత్తాలున్నాయి. కరెంటు పోయింది, సరుకు లేదు, రిపేరు, ఇలా. రిమార్కుల గడి ఎక్కడని అడిగాను.

"అది తీసేశాం అంకుల్, ఎవరూ చదవట్లేదు. రిపోర్టులో కూడా రాదు" అన్నాడు.

పెట్టి తీరాలన్నాను. రిపోర్టు మొదటి పేజీలోనే రావాలన్నాను. ముసలాయన చాదస్తం అనుకుని ఉంటాడు. దానికి డబ్బు మాత్రం అదనంగా అడగలేదు.

నెల తరవాత యూనిటుకు వెళ్ళాను. మావాడు ఫోనులో తెరిచి గీతలు, రంగులు, శాతాలు ఉత్సాహంగా చూపించాడు. తరుగు ఏడుకు దిగిందన్నాడు. రిమార్కులు చూపించమన్నాను. ఇంకా చూడలేదన్నాడు. తెరిస్తే ఆ నెలకంతా రెండే ఉన్నాయి. రెండూ డ్రమ్ముల దగ్గర పనిచేసే ముసలాయనవే. మొదటిది, "మూడో డ్రమ్ము బెల్టు జారుతున్నది." దాని కింద మరుసటి రోజుది, "బెల్టు జారుతున్నది. నిన్న గూడ రాసిన."

ఫోను మావాడి చేతికిచ్చి, ఇద్దరం లేచి మూడో డ్రమ్ము దగ్గరికి నడిచాం.